తాడు పై కొస

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. వత్తులు తప్పినా, దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా మన్నించి చదువుకోండి. ఒక పేజీ నిండడానికి నాకు రెండు రోజులు పడుతుంది. అందుకే నిరుడు జరిగిన సంగతి ఇప్పుడు మీ చేతికి వస్తోంది. ఇందులో కొంత నేను వంట చేసిన హాస్టల్ వంటింటి కిటికీలోంచి చూసింది. మిగతాదంతా ఆ హాస్టల్లో ఉండి చదివిన ఉమ నా పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా రాయమని చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం శ్రవణ్ కుమార్ సార్ బీఏ రెండో సంవత్సరం పిల్లలకు తలా రెండు కాగితాలు పంచిపెట్టారు. ఆయన హైదరాబాదులో పరిశోధన చేస్తూ, నాగర్‌కర్నూల్‌లోని ఈ కాలేజీకి వారంలో ఐదు రోజులు వచ్చి పాఠం చెప్పేవారు.

"పేరు రాయొద్దు, రోల్ నంబర్ చాలు. పైన మీ నేపథ్యం గడి నింపండి. పల్లె, పట్నం, తండా, అడవి, ఏదైతే అది. పెన్సిల్‌తోనే పెట్టండి, తప్పయితే చెరుపుకోవచ్చు. ఎదుటివాళ్ళ బాధ మీకెంత తెలుస్తుందో చూద్దాం."

మొత్తం నలభై వాక్యాలు. ఒక్కోదాని పక్కన ఐదు గడులు, 'ఎప్పుడూ' నుంచి 'ఎప్పుడూ కాదు' వరకు. ఉమ పెన్సిల్ ఆగకుండా నడిచింది. పక్కవాళ్ళు ఏడుస్తుంటే నాకూ ఏడుపొస్తుంది: ఎప్పుడూ. ఎవరైనా ఆపదలో ఉంటే నాకు గాభరా పుడుతుంది: ఎప్పుడూ. ఆమె టిక్కులకు కొడవలిలా పొడుగాటి తోక ఉంటుంది. ఒక టిక్కు తోక పక్క గడిని తాకకముందే ఇంకో టిక్కు పడేది. బెంచీ కింద కాలు ఆడిస్తూనే ఉంది. వడ్డేపల్లిలో విత్తనపత్తి పండించే వెంకట్రాములు కూతురు ఉమ. క్లాసుకు లీడరు. ఎవరికి జ్వరం వచ్చినా దవాఖానకు తనే తీసుకుపోతుంది. ఎవరు ఏడ్చినా తనూ ఏడుస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

పక్కన కూర్చున్న మంజుల ఒక్కో వాక్యం రెండుసార్లు చదివింది. చదివి, కాసేపు కిటికీ వైపు చూసి, పెన్సిల్ మొన విరిగేంత గట్టిగా ఒత్తి గీత పెట్టింది. అచ్చంపేట దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక చెంచుపెంట, అంటే చెంచుల గూడెం, ఆమెది. ఆ క్లాసులో 'అడవి' గడి నింపింది ఆమె ఒక్కతే.

"లీడరమ్మా, కూడి పెట్టు. 'ఎప్పుడూ' అంటే ఐదు, 'ఎప్పుడూ కాదు' అంటే ఒకటి," అని సార్ కాగితాల కట్ట ఉమ చేతికిచ్చి వెళ్ళిపోయారు.

సాయంత్రం హాస్టల్ గదిలో మంచం మీద బోర్లా పడుకుని ఉమ అన్నీ కూడింది. రెండు వందలకు తనకు నూట ఎనభై మూడు. అందరికంటే ఎక్కువ. ఇరవై ఏడో నంబరుకు డెబ్బై ఒకటి. తప్పు కూడానేమోనని మళ్ళీ కూడింది. డెబ్బై ఒకటే. ఇరవై ఏడు మంజుల నంబరు. ఆమెదీ ఇదే గది, అప్పుడు బయటికి పోయి ఉంది.

"జమ్ములూ, ఇటు చూడవే," అంది పక్క మంచం మీదున్న జములమ్మతో. గద్వాల పిల్ల జములమ్మ తల దువ్వుకుంటూనే తొంగి చూసింది.

"పక్కోళ్ళు ఏడిస్తే ఏడుపొస్తదా అంటే ఎప్పుడూ కాదంట! ఏందే ఇది, మనిషా రాయా?" అంది జములమ్మ గట్టిగా.

"ష్! మెల్లగనే. ఎవరికి చెప్పకు."

"నేనెవరికి చెప్తనే?" అంది జములమ్మ.

మంగళవారం టిఫిన్ వేళకు హాస్టలంతా తెలిసిపోయింది. పది గంటలకు క్లాసులో వనపర్తి రాకేష్ బల్ల మీద వేళ్ళతో తట్టి, చెవి మంజుల వైపు పెట్టి వింటున్నట్టు నటించాడు. "చప్పుడొస్తలేదు. నిజంగనే రాయి!" అందరూ నవ్వారు. ఉమ నవ్వలేదు. నవ్వొద్దని కూడా అనలేదు. పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది.

మంజుల వాడి వైపు తిరిగింది. "రాయి మీద కూసుంటే బట్టలకు మట్టంటది. జర దూరం కూసో," అంది. ఈసారి నవ్వు రాకేష్ మీద పడింది గానీ, ఆ పేరు మాత్రం పోలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర "రాయక్కా, పప్పు బకెట్ ఇటు జరుపు" అని ఎవరో అన్నారు. మంజుల బకెట్ జరిపి, పళ్ళెంలో అన్నం సగంలో వదిలి లేచింది.

వదిలిన అన్నం చూశాక ఉమకు ఏదీ ఒంటికి పట్టలేదు. పుస్తకం తెరుస్తుంది, మూస్తుంది. నీళ్ళకని పోయి బాటిల్ మరిచి వస్తుంది. సార్‌కు లెక్కల కాగితం ఇచ్చినప్పుడు ఆయన అన్న మాట చెవిలో తిరుగుతోంది.

"అనుకున్నదే. అడవిలో పెరిగినవాళ్ళకు నలుగురితో మెలిగే అవకాశం తక్కువ కదా. నా రిపోర్టులో ఇదొక ముఖ్యమైన అంశం అవుతుంది. శుక్రవారం సాయంత్రం పట్టుకుపోతాను, ఈలోగా ఇంకోసారి సరిచూసి పెట్టు."

ఒక్క పిల్ల పెట్టిన గీతలు చూసి ఒక అడవి మొత్తం మీద రాసేస్తారా? అడగాలని నోటిదాకా వచ్చింది. "సరే సార్," అని వచ్చేసింది.

బుధవారం సాయంత్రం గదిలో ఎవరూ లేరు. హాస్టల్ వెనక గోడకు, మూడో అంతస్తు సజ్జ కింద చేటంత తేనెపట్టు ఉంది. బట్టలు ఉతికే దగ్గర ఒక పిల్లను ఈగ కుట్టడంతో అందరూ అక్కడ మూగి ఉన్నారు. శనివారం కిరోసిన్ గుడ్డతో కాల్పిస్తానని వార్డెన్ మేడం అంటున్నారు. "కాల్చొద్దు మేడం, మా నాయనను పిలుస్త, దింపుతడు," అంటున్న మంజుల గొంతు పైకి వినబడుతోంది.

ఉమ ఇరవై ఏడో కాగితం బయటికి తీసింది. రబ్బరు తీసింది. ఇరవై రెండు గీతలు చెరిపింది. వాటి బదులు 'తరచుగా', 'అప్పుడప్పుడు' గడుల్లో టిక్కులు పెట్టింది. తన కొడవలి తోక కనబడకుండా చిన్నచిన్నవి పెట్టింది. రబ్బరు పొట్టు ఊదేసింది. మొత్తం నూట ముప్పై. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి కిందిదాకా పోయినట్టయింది. ఎవరికీ నష్టం లేదు, పిల్ల బయటపడింది, అనుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర తన గుడ్డు తీసి మంజుల పళ్ళెంలో వేసింది.

"ఎందుకే?" అంది మంజుల.

"ఊకెనే. తిను."

గురువారం పొద్దున ఉమ కాగితాల కట్ట, దిద్దిన లెక్క ఇచ్చేసింది. క్లాసులోకి శ్రవణ్ కుమార్ సార్ నవ్వుతూ వచ్చారు. "మొన్నటి లెక్కలో పొరపాటు జరిగిందట. ఇరవై ఏడో నంబరుకు నూట ముప్పై. బాగుంది," అన్నారు. ఉమ తల దించుకుంది. తన మేలు ఎవరూ కనిపెట్టకూడదనీ ఉంది, మంజుల కనిపెడితే బాగుండుననీ ఉంది.

మంజుల లేచి నిలబడింది. "నా కాగితం చూపిస్తరా సార్?"

ఆమె కాగితం అందుకుని చదవలేదు. బొటనవేలితో తడిమింది. ఒక్కో వరుసా మెల్లగా, గుడ్డివాళ్ళు తడిమినట్టు తడుముకుంటూ వెళ్ళింది. పెన్సిల్ గీత పోయినా, ఆమె ఒత్తిన గాడి కాగితంలో అట్లాగే ఉంది.

"ఇవి నేను పెట్టినయి కావు సార్. నావి చెరిపిండ్రు."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిన్నటిదాకా కాగితాలు ఎక్కడున్నాయి ఉమా?"

"నా సంచిల సార్. గదిల."

"ఆ గదిలో ఎవరెవరుంటారు?"

జములమ్మే చెప్పింది. "నేను, ఉమ, మంజుల సార్."

సార్ ముఖం మెత్తబడింది. కోపపడినా బాగుండేది. ఆయన జాలిగా మెత్తబడ్డారు. "చూడమ్మా మంజులా. తక్కువ వచ్చిందని బాధపడి ఉంటావు. అందరూ ఏదో అన్నారు, సంచిలోంచి తీసి మార్చుకున్నావు. ఇప్పుడు భయమేసి ఇట్లా చెప్తున్నావు. నేను అర్థం చేసుకోగలను. రేపు సాయంత్రంలోగా ఒక మాఫీ ఉత్తరం రాసివ్వు. ప్రిన్సిపాల్ దాకా పోనివ్వను."

"నేను మార్చలే సార్."

"రాయకపోతే మాత్రం పోనివ్వాల్సి వస్తుంది. ఇంటర్నల్ పరీక్షకు కూర్చోనివ్వరు."

"చెయ్యని పనికి మాఫీ రాయ సార్. ఇంటికన్న పోత గని," అంది మంజుల. గొంతు పెరగలేదు, తగ్గలేదు. కాగితం బల్ల మీద పెట్టి కూర్చుంది. కూర్చునే ముందు ఒక్కసారి ఉమ వైపు చూసింది.

ఉమకు తెలిసిపోయింది, మంజులకు తెలుసని. లేవాలి. గంట కొట్టారు. మళ్ళీ క్లాసు మొదలైంది, ఇంకో గంట కొట్టారు. ఉమ లేవలేదు.

సాయంత్రం మంజుల ట్రంకుపెట్టె మంచం మీద పెట్టి బట్టలు సర్దుతోంది. ఉమ గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి వచ్చింది, మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయింది.

"నిన్ను చూసి పానం ఉస్సూరుమన్నదే," అంది చివరికి. "మంచిగైతదని..."

"ఎవరికి?"

ఉమ ఏడ్చేసింది. ఏడుపు దానంతటదే పెద్దదైంది. మంజుల ఓదార్చలేదు. లంగా మడిచి, దాని మీద ఓణీ మడిచి పెట్టింది.

"నువ్వెందుకు చెప్పలే సార్‌కు, నేనే చేసిన్నని?"

"నువ్వు చేసినవు. నువ్వు చెప్పాలె," అంది మంజుల. "రేపు నాయన, మామ వస్తుండ్రు. పట్టు దింపి, నన్ను తీసుకొని ఏడు గంటల బస్సుకు పోతరు."

శుక్రవారం పొద్దు వాలే వేళకు వాళ్ళు వచ్చారు. మంజుల తండ్రి పెద్దన్న సన్నగా, పొట్టిగా ఉంటాడు. మేనమామ మల్లికార్జున్ బుజాన నైలాన్ తాడు చుట్ట, చేతిలో వెదురుకర్ర, ఖాళీ నూనె డబ్బా. తాడు తేనె కొనే సొసైటీ వాళ్ళు ఇచ్చిందట. ఆడపిల్లలందరినీ గదుల్లోకి పంపి కిటికీలు మూయించారు. మేడ మీది తలుపు తాళంచెవి లీడరని ఉమ దగ్గర ఉంది. నీళ్ళ బకెట్ పట్టుకుని ఆమే పైకి పోవాల్సి వచ్చింది. మంజుల అప్పటికే పైన ఉంది.

పెద్దన్న పచ్చి వేపరెమ్మలు, ఎండు గడ్డి కలిపి కట్ట కట్టాడు. మల్లికార్జున్ తాడు ఒక కొస నీళ్ళట్యాంకు స్తంభానికి రెండు చుట్లు తిప్పి ముడేశాడు. ముడి మీద కాలు పెట్టి లాగి చూశాడు, మళ్ళీ విప్పి వేశాడు. నడుం చుట్టూ ఒక వరుస తిప్పుకుని, కాళ్ళు పిట్టగోడకు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఇంకో కొస కట్టుకుని, పొగ కట్ట చేతబట్టి పెద్దన్న పిట్టగోడ దాటాడు.

"ముడేసినంక గూడ మీ మామ పట్టుకున్నడెందుకే?" గుసగుసగా అడిగింది ఉమ.

"ముడిని ఎవరు నమ్ముతరు? మాకాడ తాడు పట్టేది బామ్మర్దే. అక్క మొగుణ్ణి కింద పడనిస్తడా?"

పొగ లేచింది. సజ్జ కింద నుంచి వానచప్పుడు లాంటి మోత పుట్టి, నల్లగా పైకి లేచింది. ఈగలు పిట్టగోడ మీదికి వచ్చాయి. మల్లికార్జున్ తలకు తువ్వాలు ఉంది, ముఖం బయటే ఉంది. ఒకటి కనుబొమ్మ మీద వాలింది. ఒకటి పెదవి మీద. ఇంకోటి కంటి కొసన. కుట్టినప్పుడల్లా చెంప కండ ఒకసారి అదిరేది, అంతే. చేతులు మాత్రం తాడును జానెడు జానెడు కిందికి వదులుతున్నాయి, ఒకే కొలత, ఒకే నిదానం.

ఉమ గొంతులోంచి కేక లేవబోయింది. మంజుల అరచెయ్యి వచ్చి ఆమె నోటిని గట్టిగా మూసింది.

"ఏడ్వకు," చెవిలో అంది. "కింద నాయనకు ఇనబడ్తది. పైన ఏడుపింటే తాడు జారిందనుకుంటడు. చెయ్యి వణుకుతది."

ఉమ కన్నీళ్ళు మంజుల వేళ్ళ మీదుగా కారాయి. అరచేతి వెనక నుంచే ఆమె మంజుల ముఖం చూసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. మెడ మీద నరం మాత్రం కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. కాలివేళ్ళు సిమెంటు నేలను పట్టుకోవాలన్నట్టు వంకరపోయి ఉన్నాయి.

చెయ్యి వదులయ్యాక ఉమ అడిగింది. "నీకు భయమైతలేదా?"

"అయితది. నాయన ఎక్కొచ్చినంక."

తాడు రెండుసార్లు అదిరింది. మల్లికార్జున్ లాగడం మొదలుపెట్టాడు. ముందు డబ్బా వచ్చింది, తర్వాత పెద్దన్న తల, బుజాలు. ఆయన పిట్టగోడ దాటి కాళ్ళు నేలకు ఆనించాక మంజుల వెనక్కి తిరిగి ట్యాంకు చాటుకు పోయింది. ఉమ చెంబుతో నీళ్ళు పట్టుకుని వెనకే వెళ్ళింది. మంజుల గోడకు ఆనుకుని కూలబడి ఉంది. చెంబు అందుకుంది గానీ చేతులు ఎంత వణికాయంటే నీళ్ళన్నీ ఒళ్ళో పోయాయి. ఉమ చెంబు తనే పట్టుకుని తాగించింది.

కింద వంటింటి ముందర పెద్దన్న మెస్ పళ్ళేలు పరిపించి పట్టు కోశాడు. "ఈగ పిల్లలున్న దిక్కు కొయ్యలే మేడం. తేనె దిక్కే తెచ్చిన. అవి రెండు మూడు దినాల్ల ఎల్లిపోతయి, ఎవరిని ఏమనయి," అన్నాడు వార్డెన్‌తో. అక్కడ ఉన్నవాళ్ళందరికీ ఒకే లెక్కన పెట్టాడు. వార్డెన్ మేడంకు ఎంతో వాచ్‌మన్‌కు అంతే. కుట్టించుకున్న బామ్మర్దికి ఎంతో ఉమకూ అంతే. ఒక కన్ను మూసుకుపోయిన మల్లికార్జున్ తన ముక్క నోట్లో వేసుకుని, "ఏం బిడ్డా, తింటలేవు? ఈగ కుడ్తదని భయమా? అన్ని నన్నే కుట్టినయి, నీకేం మిగల్లే," అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడే గేటు తీసుకుని శ్రవణ్ కుమార్ సార్ వచ్చారు. బుజాన ప్రయాణం సంచి. అందులోనే కాగితాల కట్ట. ఉత్తరం కోసం వచ్చారు. పెద్దన్న ఆయనకూ ఒక పళ్ళెం పెట్టాడు.

"ఉత్తరం రాశావా అమ్మా?"

"రాయలే సార్."

ఉమ తేనె పళ్ళెం కింద పెట్టింది. లేచింది.

"నేను మార్చిన సార్. ఆమె కాదు. బుధవారం సాయంత్రం ఇరవై రెండు గీతలు నేనే చెరిపిన. నిన్న క్లాసుల ఆమెనన్నప్పుడు గూడ నోరు మూసుకొని కూసున్న. సోమవారం ఆమె మార్కులు బయట పెట్టింది గూడ నేనే."

ఏడుపు రాబోయింది. దాన్ని అక్కడే ఆపింది. జములమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఎందుకు?" అన్నారు సార్.

"జాలి పడి సార్."

"నన్నడిగి జాలిపడుతే బాగుండు," అంది మంజుల.

సార్ కట్ట విప్పి ఇరవై ఏడో కాగితం తీశారు. వెలుతురుకు వాలుగా పట్టుకున్నారు. టిక్కుల పక్కన చెరిపినా పోని గాడులు నీడల్లా కనబడ్డాయి. చాలాసేపు చూశారు.

"మరి ఇవెందుకమ్మా ఇట్లా పెట్టావు? ఎవరు ఏడ్చినా ఏడుపు రాదా? ఆపద చూస్తే గాభరా పుట్టదా?"

"అప్పుడు రానియ్యం సార్. వస్తే ఎట్ల? చేతుల తాడుంటది." అంది మంజుల. "ఏడుపొస్తదా, గాభరయితదా అనే అడిగిండ్రు. అప్పుడు నువ్వేం జేస్తవని ఒక్క దాంట్ల గూడ లేదు. నేను రెండు రెండుసార్లు చదివిన."

సార్ మళ్ళీ కాగితం వైపు చూశారు. మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీ తిప్పారు. నలభయ్యో వాక్యం దాకా వచ్చి, మళ్ళీ మొదటి పేజీకి పోయారు. మల్లికార్జున్ వాచిన కన్ను తడిగుడ్డతో ఒత్తుకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు. సార్ చూపు ఆ ముఖం మీద కాసేపు ఆగింది.

"ఉత్తరం అక్కర్లేదు," అన్నారు. "నిన్న నేనన్న మాట తప్పు. సోమవారం క్లాసులో కూడా చెప్తాను." జేబులోంచి పెన్ను తీసి, లెక్కల కాగితంలో 'అడవి' అన్న వరుస మీద అడ్డంగా గీత కొట్టారు. "ఈ ఇరవై ఏడు, ఉమా, నీది కూడా, రెండూ తీసేస్తాను."

"ఆమెది తియ్యొద్దు సార్. నేను చెరిపినయి మల్ల ఆమెనే పెట్టుకోనియ్యిండ్రి," అంది ఉమ. "నాకొక ఖాళీ కాగితం ఇయ్యిండ్రి."

వంటింటి మెట్టు మీద కూర్చుని, రొట్టెల పీట తిరగేసి దాని మీద మంజుల తన కాగితం పెట్టుకుంది. గాడి ఎక్కడుందో వేలితో వెతికి, అందులోనే మళ్ళీ పెన్సిల్ ఆనించింది. ఇరవై రెండుసార్లు. సార్‌కు ఇచ్చేసి లోపలికి వెళ్ళింది.

ఉమ కాగితం మాత్రం నిండడం లేదు. 'ఎవరికైనా అన్యాయం జరుగుతుంటే నేను చూస్తూ ఊరుకోను.' పద్నాలుగో వాక్యం. సోమవారం ఇక్కడ తోక పొడుగు టిక్కు ఒకటి సర్రున పడింది. ఇప్పుడు పెన్సిల్ 'ఎప్పుడూ' గడి మీద ఆగింది, పక్కకు జరిగింది, ఇంకా పక్కకు జరిగింది.

"బస్సు టైమైతుంది, పోదమా బిడ్డా?" పెద్దన్న తాడు చుట్టుకుంటూ పిలిచాడు.

మంజుల పెట్టెతో బయటికి వచ్చింది. మెట్టు దగ్గర ఆగింది. ఉమ భుజం మీదుగా వంగి చూసింది. చివరి గడిలో, 'ఎప్పుడూ కాదు' దగ్గర, ఒక గీత పడి ఉంది. పడీపడనట్టు, వెంట్రుకంత సన్నంగా. పెట్టె మెట్టు మీద దించింది.

"మీరు పోండ్రి నాయనా. సోమారం నాకు ఇంటర్నలుంది," అంది.

తర్వాత ఉమ పక్కన కూర్చుంది. కాగితం మీద ఆ సన్నగీతను వేలితో తట్టింది.

"గట్టిగొత్తు," అంది. "ఎవరు చెరిపినా ఉండాలె."

రాధమ్మ, అరవై మూడేళ్ళు. హాస్టల్ వంట మానేశాక ఇప్పుడు ఉంటున్నది తిమ్మాజిపేట.